వణికే నేల మీద కాకి

నమోదు 1

మీ కాళ్ళ కింద ఉన్నది నేల అని మీకెవరు చెప్పారు?

అది రేకు. దాని కింద ఇంకో రేకు, ఆ కింద నీళ్ళ తొట్లు, వాటి కింద మళ్ళీ రేకు, ఆ తర్వాత ఏమీ లేని చీకటి. మీ అమ్మ దాన్ని నేల అంది. ఆమెను కన్న తల్లీ నేలే అంది. నేనూ అంటాను, ఇవాళ పొద్దున కూడా "నేల తుడిచావా?" అని మా అమ్మాయినడిగాను. కానీ గ్రంథం తెరిచి చూడండి. నేల అంటే విత్తనం పడితే చీలి దారిచ్చేది. మనిషిని చెయ్యడానికి దేవుడు చేతుల్లోకి తీసుకున్నది మన్ను. ఈ రేకును తీసుకుని ఆయన ఏం చేస్తాడు?

నేను ఓబదయ్యని. మనకు గాలినిచ్చే నాచు తొట్లు గీకడం నా పని. ఆదివారం మూడో అంతస్తులో వాక్యం చెబుతాను. బడికి పోలేదు. తొట్ల మీద రాసిన హెచ్చరికలు కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చుకున్నాను, ఆ అక్షరాలతోనే గ్రంథం చదివాను. ఈ నమోదులు రాసి సభ గది గోడకు అంటిస్తున్నాను. చదవలేనివాళ్ళకు పక్కవాళ్ళు చదివి వినిపించండి, పుణ్యం.

ఇవాళ మన ఓడ నుంచి మొదటి యంత్రం దిగువకు వెళ్ళింది. దిగువ అంటే, కిటికీలో నిండుగా కనిపిస్తున్న ఆ పసుపుపచ్చ గ్రహమే. మన ముత్తాతల ముత్తాతలు దాని పేరు చెప్పుకునే ఈ ఓడ ఎక్కారు, దాని పేరు చెప్పుకుంటూనే ఓడలో కన్నుమూశారు. మనం చేరుకున్నాం. మనుషులు దిగేముందు యంత్రం దిగి చూడాలి: గాలి పీల్చదగ్గదేనా, నీళ్ళున్నాయా, మనల్ని దింపే పడవ వాలితే మోసే గట్టి చోటుందా.

ఆ యంత్రాన్ని చేసింది నా కూతురు హెప్సిబా. గర్వంగా రాస్తున్నాను. గర్వం పాపమని మీకు చెప్పేది నేనే, కానీ ఇది వేరే గర్వం. సృష్టి చేసి చూసుకుని బాగుందని అనుకున్నవాడి బిడ్డలం మనం. చేసింది బాగుంటే బాగుందనే అంటాం.

దానికి కాకి అని పేరు పెట్టాను. వాక్యంలో జలప్రళయానికి ఓడ కట్టిన ఆ ముసలాయన, నీళ్ళు తగ్గాయో లేదో చూడమని ముందు పంపింది కాకినే కదా.

వంటశాల రూతమ్మ చూడ్డానికి వచ్చి ముక్కున వేలేసుకుంది. "ఏందయ్యా ఓబదయ్యా, మూడు కాళ్ళ గిన్నెకి కాకి అని పేరా? రెక్కల్లేవు, ఈకల్లేవు."

"అరుస్తది చూడు రూతక్కా. కిందికి పోయి అరుస్తది."

"అరిస్తే నాకు చెప్పు, అన్నం పెడతా."

హెప్సిబా దానికి మన ఓడ చట్టాలన్నీ నేర్పింది. తలుపు తీసేముందు ఒత్తిడి చూసుకో. చుక్క నీరు పారబోయకు. వణుకు తగిలితే పని ఆపు, గోడకున్న కడ్డీ పట్టుకో, నోరు మూసుకో, గంట మోగేదాకా కదలకు. పలకరిస్తే పేరు చెప్పు. "ఇవన్నీ దానికెందుకమ్మా?" అంటే, "ఓడలో పుట్టింది నాన్నా. ఓడ బిడ్డలాగే పెరగాలి" అంది.

కబుర్లు కనిపించే అద్దం మీద కాకి మాటలు పడుతుంటే గది నిండా జనం. దిగుతున్నాను, అంది. దిగాను. నిలబడ్డాను. రూతమ్మ చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత ఒక్క మాట పడింది: వణుకు.

అంతే. మరి మాట్లాడలేదు.

నమోదు 2

కాకి చచ్చిపోయిందని ఓడంతా అనుకుంటోంది. హెప్సిబా కూడా అదే అంటోంది. ఓడలో వణుకు అంటే మనకు తెలుసు: ఎక్కడో రేకు చీలుతోంది, గాలి కారిపోతోంది. కాకి కింద కూడా నేల చీలి, అందులో పడి ముక్కలైపోయి ఉంటుంది. వేరే అర్థం మనకెవరికీ తట్టలేదు.

రెండో యంత్రాన్ని ఇంకా వెడల్పు కాళ్ళతో చేసింది. దాన్ని గ్రహానికి అవతలి పక్కకు పంపాం. పేరు పావురం. అదీ దిగింది. నిలబడ్డాను అంది. వణుకు అంది. ఊరుకుంది.

ఓడపెద్ద పరంధామం గారు నన్నూ హెప్సిబానూ పిలిపించారు. ఆయన నా ఈడువాడే, నాలా గొంతెత్తి మాట్లాడే మనిషి కాదు. మెడలో గంట మోగించే తాళం వేలాడుతూ ఉంటుంది, మాట్లాడేటప్పుడు దాన్ని పిడికిట్లో పట్టుకుంటారు.

"హెప్సిబా తల్లీ, నీ పనితనం మీద నాకు అనుమానం లేదు. ఆ గ్రహం మీదే నమ్మకం లేదు. రెండు చోట్ల దిగారు, రెండు చోట్లా వణికింది. అట్టాంటి చోట మనుషుల్ని దింపితే నేను హంతకుడినవుతా."

"ఇంకొకటి చేస్తానండీ. ఒక్కటి."

"లోహం ఏదమ్మా? ఉన్నది అతుకులకే చాలట్లా. ఇంకో రెండు వారాల్లో ఓడ తిప్పుతా. వేరే నక్షత్రం చూసుకుందాం."

"ఎవరు చూస్తారండీ?" అన్నాను నేను. "అక్కడికి చేరేసరికి ఈ ఓడలో ఇవాళ ఊపిరి పీల్చేవాడు ఒక్కడూ ఉండడు. నాచు పలచబడిపోతోంది. రోజూ గీకేవాణ్ణి నేను. ఇంకో తరాన్ని ఈ ఓడ మొయ్యలేదు."

"అది నాకూ తెలుసు ఓబదయ్యా. దిగితే చీలిపోయే నేల కంటే పలచటి నాచు నయం."

బయటికొచ్చాక హెప్సిబా నేరుగా పనిగదికి పోయింది. ఓడ తిప్పే రోజున ఆ గది కూడా కరిగించి అతుకులకు వాడతారట. సుత్తులూ పట్టకార్లూ గుడ్డతో తుడుస్తూ కూర్చుంది. నేను ఓదార్చబోతే, "నాన్నా, ప్రసంగం చెయ్యకు" అంది. చెయ్యకుండా ఉండటం నాకెంత కష్టమో దేవుడికి తెలుసు.

నమోదు 3

ఆదివారం. చెయ్యొద్దన్న ప్రసంగం ఇవాళ అందరి ముందూ చేశాను.

"పావురం తిరిగిరాలేదని ఏడుస్తున్నారా?" అన్నాను. "గ్రంథంలో ఏముంది? మొదటిసారి పంపితే కాలు పెట్టడానికి చోటు లేక వెనక్కొచ్చింది. రెండోసారి ఆకు తెచ్చింది. మూడోసారి రాలేదు. రాకపోతే ఆ ముసలాయన గుండెలు బాదుకున్నాడా? ఓడ మీది కప్పు తీసి చూశాడు! రాకపోవడమే ఆయనకు శుభవార్త. చోటు దొరికిన పక్షి ఓడకెందుకొస్తుంది?"

"ఆ పావురం వణుకు అని కబురు పంపలేదు కదండీ" అన్నారు ఎవరో వెనక నుంచి. నవ్వులు.

"విశ్వాసం లేని పళ్ళికిలింపు!" అని నేను చెయ్యి పైకెత్తాను. సరిగ్గా అప్పుడే వణుకు తగిలింది.

మీరంతా ఎరిగిందే. కింది అంతస్తులో నీటి పంపు అదిరింది, గోడలు జలదరించాయి. గదిలో ఉన్నవాళ్ళందరం ఒక్క క్షణంలో కడ్డీలకు అతుక్కుపోయాం. పసిబిడ్డ కూడా గుక్క ఆపింది. గాలి ఎక్కడైనా కారుతుంటే ఆ సన్నటి చప్పుడు వినబడాలి. అందుకే నోళ్ళు మూసుకుంటాం. గంట మోగేదాకా ఓడలో ఎవరూ మాట్లాడరు. మన ముత్తాతల కాలం నుంచీ మాట్లాడలేదు. నా నోట్లో సగం వాక్యం అలాగే ఆగిపోయింది. ఎత్తిన చెయ్యి కడ్డీ మీద పడింది.

ఎదురుగా హెప్సిబా. ఆమె కూడా కడ్డీ పట్టుకుని కళ్ళు మూసుకుని ఉంది. ఉన్నట్టుండి కళ్ళు తెరిచింది. తన చేతుల వంక చూసుకుంది. రూతమ్మ వంక చూసింది, నా వంక చూసింది. గదినిండా కదలని మనుషులు, పలకని మనుషులు. అందరం బతికే ఉన్నాం.

నా కూతురు, గంట మోగకముందే, నోరు విప్పింది.

"నాన్నా! అవి చావలేదు!"

రూతమ్మ కళ్ళు పెద్దవి చేసి పెదవుల మీద వేలు పెట్టింది. హెప్సిబా ఆగలేదు.

"నేనే నేర్పాను! వణుకు తగిలితే నోరు మూసుకో అని. గంట మోగేదాకా కదలకు అని. అవి కూర్చుని ఉన్నాయి నాన్నా. మనలాగే కూర్చుని ఉన్నాయి. గంట కోసం!"

అప్పుడు గంట మోగింది. ఒక్కసారిగా గదంతా అరుపులు.

"గంటకి ముందు మాట్లాడింది! చూశారా?"

"ఏం చూశారు, మీరూ బొమ్మల్లా నిలబడ్డారుగా" అంది రూతమ్మ. "తప్పు తప్పే. వంటశాలలో గిన్నెలు కడగాలి, వారం. అదిగాక ఏందమ్మా నువ్వనేది? ఆ గిన్నెలు బతికున్నాయా?"

"బతికున్నాయి అత్తా."

"అయితే మరి ఆ వణుకెక్కడిది? నేల చీలకుండా ఎట్టా వణుకుద్ది?"

హెప్సిబా కిటికీ దగ్గరికి పోయింది. దిగువ మీద పసుపు మబ్బు ఒకటి మెల్లగా పాకుతోంది. వారం రోజులుగా అందరం చూస్తున్నదే. "ఆ మబ్బు ఎందుకు కదులుతోంది? దాన్ని ఏదో తోస్తోంది. మన గొట్టాల్లో వచ్చే గాలే, గొట్టం లేకుండా, గ్రహమంతా. పాత మాటొకటుంది కదా నాన్నా, నువ్వు చదువుతావు. ఈదురుగాలి అని. అది వచ్చి కాళ్ళకు తగిలితే యంత్రం వణకదా?"

ఎన్నిసార్లు చదివాను ఆ మాట! ఆదిలో నీళ్ళ మీద అల్లాడిన దాని గురించి, సముద్రాన్ని రాత్రంతా తోసి ఆరిన దారి తీసిన దాని గురించి. చదివిన ప్రతిసారీ నా మనసులో మెదిలింది నాచు గది గొట్టమే.

నమోదు 4

గంట సంకేతం మన ఓడ తీగల్లోనే తిరుగుతుంది, బయటికి పోదు. కాకికి వినబడాలంటే దాన్ని పెద్ద యాంటెనాకు కలిపి దిగువకు పంపాలి. గంట మోగాకే ఆ యంత్రాలు ఇంకో మాట వింటాయి. అలా నేర్పింది హెప్సిబా. గంట వెంటనే 'అక్కడ వణుకు ప్రమాదం కాదు, పని చేసుకో' అన్న కొత్త చట్టం పంపుతానంది. కావలసింది ఒక్కటే, ఓడపెద్ద మెడలో ఉన్న తాళం.

పరంధామం గారు అంతా విన్నారు. తల అడ్డంగా ఊపారు.

"వణుకు ఆగిందా అక్కడ?"

"ఆగలేదండీ. ఆగదు కూడా" అంది హెప్సిబా.

"అయితే గంట మోగదు."

"అయ్యా," అన్నాను, "అది మనిషి కాదు, యంత్రం. పోతే యంత్రం పోద్ది."

"గంట మాట పోద్ది ఓబదయ్యా. వణుకుతుండగా గంట కొట్టడం అంటే ఏందో నీకు తెలవదా? మా నాయన అట్టాగే పోయాడు. అప్పటి ఓడపెద్ద తొందరపడ్డాడు. గంట మోగింది కదా అని మా నాయన కడ్డీ వదిలి తలుపు తీశాడు. తలుపు అవతల గాలి లేదు. ఆ రోజు నుంచి ఈ తాళం పట్టుకున్నవాళ్ళందరం ప్రమాణం చేశాం. గంట అబద్ధమాడకూడదు. ఒక్కసారి ఆడిందంటే ఇంకెప్పుడూ ఎవరూ నమ్మరు."

నాకు కోపం పొంగింది. గ్రంథం బల్ల మీద కొట్టాను. వాగ్దాన దేశాన్ని చూసొచ్చి అక్కడ మనుషులు రాక్షసుల్లా ఉన్నారని బెదిరిపోయిన వేగులవాళ్ళ కథ ఎత్తుకున్నాను. వాళ్ళ భయం వల్ల ఒక తరం తరమంతా ఎడారిలో రాలిపోయిందన్నాను. "రేపు మన పిల్లల్ని ఆ ఎడారికి తోసేది మీరేనండీ!" అన్నాను. గొంతు పగిలేలా అరిచాను.

ఆయన కదలలేదు. "నీ వాక్యానికి నేను ఎదురు చెప్పలేను ఓబదయ్యా. నా ప్రమాణానికి కూడా అంతే" అన్నారు.

నేను ఓడిపోయాను. తలుపు దాకా వచ్చేశాం. అప్పుడు హెప్సిబా వెనక్కి తిరిగింది. గొంతు పెంచలేదు.

"మీ నాయన గారు పోయినప్పుడు మీరెక్కడున్నారండీ?"

ఆయన గోడకున్న కడ్డీ వంక చూశారు.

"కడ్డీ దగ్గర" అన్నారు. "ఎనిమిదేళ్ళుంటాయి నాకు. అంత ఘోరం జరిగాక అందరం మళ్ళీ కడ్డీలు పట్టుకున్నాం, ఓడపెద్దకి రెండోసారి గంట కొట్టే ధైర్యం రాలేదు. వణుకు ఆగిపోయింది, అయినా కొట్టలేదు. ఎవరూ వచ్చి చెప్పలేదు. కడ్డీ పట్టుకునే ఉన్నా. దాహమేసింది. చేతులు తిమ్మిరెక్కాయి. అమ్మని పిలుద్దామంటే నోరు విప్పకూడదాయె." పిడికిట్లో తాళం బిగుసుకుంది. "అంతసేపు ఎదురుచూసినవాడి సంగతి నాకు తెలుసులే."

"అవి ఇప్పుడు అట్టా ఉన్నాయండీ."

ఆయన మా వంక చూడలేదు. "పొండి" అన్నారు. వచ్చేశాం.

నమోదు 5

స్తోత్రం! స్తోత్రం! ఆత్రంలో రాస్తున్నాను, రాత వంకర పోతే మన్నించండి.

పొద్దున నేను తొట్టి గీకుతుంటే పరంధామం గారు స్వయంగా నాచు గదికి వచ్చారు. "నీ కూతుర్ని పిలువు" అన్నారు. ఓడంతా వినబడే గొట్టంలో ఆయనే మాట్లాడారు. దాపరికం లేకుండా చెప్పారు:

"ఇప్పుడు మోగే గంట మన కోసం కాదు. దిగువలో వణుకు ఆగలేదు. ఆగకుండానే కొడుతున్నా. చెప్పి కొడుతున్నా కాబట్టి ఇది అబద్ధం కాదు. మన బిడ్డలు రెండు అక్కడ నోరు మూసుకుని కూర్చున్నాయి. వాటికి గంట వినిపించకుండా అట్టా వదిలేసి నేను ఓడ తిప్పలేను."

తాళం తిప్పారు. గంట మోగింది. అలవాటు కొద్దీ అందరం ఊపిరి వదిలాం. తర్వాత అద్దం వంక చూస్తూ మళ్ళీ బిగబట్టాం.

ఏమీ రాలేదు. రూతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. హెప్సిబా నా చెయ్యి పట్టుకుంది, చిన్నప్పుడు వణుకు తగిలితే పట్టుకున్నట్టు.

అద్దం మీద అక్షరాలు పడ్డాయి.

కాకి. ఉన్నాను.

మర్యాద చూడండి! పలకరిస్తే ముందు పేరు చెప్పింది. ఆ తర్వాత వరసగా: వణుకు ఉంది. గాలి కదులుతోంది. గాలి పీల్చదగ్గది. నేల గట్టిది, చీలికలు లేవు. కొంచెం ఆగి, పావురం. ఉన్నాను. కాళ్ళు సగం ఇసుకలో ఉన్నాయి. నీరు కనబడుతోంది.

పావురం పంపిన బొమ్మ సభ గదిలో పెట్టాం, మీరంతా చూశారు. గీతలు గీతలుగా ముడతలు పడిన నీళ్ళు. ఎవరూ కదపకుండానే కదులుతున్న నీళ్ళు. దాని ఒడ్డున నేల. గ్రంథంలోని నేల.

రూతమ్మ గరిటె పట్టుకునే నిలబడి ఏడ్చింది. "అరిచింది కదయ్యా నీ కాకి" అంది. "అన్నమెట్టా పంపేది దానికి?"

మన యంత్రాలు చెడిపోయాయనుకున్నాం. అవి మనకన్నా బాగా మన చట్టాన్ని నిలబెట్టాయి. ఎవరూ చూడని చోట, పూడిపోతూ కూడా, చెప్పిన మాట తప్పలేదు. ఇన్ని తరాలుగా ఈ రేకుల మధ్య మనం ఏం నేర్చుకున్నామని ఎవరైనా అడిగితే ఆ రెండింటిని చూపించండి. వాటిని చేసిన చేతులు మనవి. తప్పూ మనదే, తప్పు తెలుసుకున్న బుద్ధీ మనదే. నా కూతుర్ని చూసి నేనెంత గర్వపడుతున్నానో, ఈ ఓడను చూసి కూడా అంతే గర్వపడుతున్నాను. పరంధామం గారికి అందరి ముందూ వంగి వందనం చేశాను. నన్ను లేపి, "వాక్యంలో ఆ వేగులవాళ్ళ కథ బాగా చెప్పావు, ఇంకోసారి అంత గట్టిగా చెప్పమాక" అన్నారు.

నమోదు 6

ఇవాళ్టి మాట ఇది. నిలబడి చదవండి.

పడవ సిద్ధంగా ఉంది. నిన్న చప్పట్లు కొట్టిన మీరే ఇవాళ గుసగుసలాడుతున్నారు. పొద్దుటి నుంచి అన్ని అంతస్తులూ తిరిగాను, చెవులారా విన్నాను. "ఎప్పుడూ వణికే చోట నిద్ర ఎట్టా పడద్ది?" "బిడ్డల్ని కడ్డీ లేని చోట ఎట్టా వదులుతాం?" "మీరు ముందు పోండి, మేం తర్వాత చూస్తాం."

మీ భయం నాకు పరాయిదేం కాదు. మా ఇంట్లో కూడా నేను కడ్డీ పక్కనే పడుకుంటాను. అయినా నా పేరు ఇచ్చేశాను, హెప్సిబా పేరు పక్కన. రూతమ్మ పేరిచ్చింది, తన పెద్ద గిన్నె రానిస్తేనే వస్తానంది. పడవలో సగం చోటు ఇంకా ఖాళీ.

పరంధామం గారు ఎవర్నీ బలవంతంగా దింపనన్నారు. సాయంత్రానికి పడవ నిండితే దింపుతారు. నిండకపోతే, కొద్దిమందిని దింపి చావుకు వదలలేనని, బతికి కబురు పంపిన ఆ ఇద్దరినీ అక్కడే వదిలేసి ఓడ తిప్పుతారు. మరో ఆలోచన లేదన్నారు. ఆయన మాట ఎట్టాంటిదో మీకు తెలుసు.

రేపు వస్తాననే వాళ్ళకు చెబుతున్నాను: రేపు ఆ గ్రహం కిటికీలో వెనక్కి పోతూ కనిపిస్తుంది. మీ మనవలు అది ఎట్టా ఉండేదని అడుగుతారు. నీళ్ళ మీద ముడతల గురించి చెబుతారా? పిలిచినప్పుడు పోలేదని కూడా చెబుతారా?

తొట్టి గీకుతున్నవాళ్ళు గీకుడు కర్ర కింద పడెయ్యండి. పొయ్యి మీద గిన్నె ఉంటే దించేసి రండి. చంటిబిడ్డను చంకనేసుకుని రండి. చదువు రాదని ఆగొద్దు, వయసైపోయిందని ఆగొద్దు. పేరు చెప్పండి చాలు, హెప్సిబా రాసుకుంటుంది. నాలుగో అంతస్తు, పడవ గుమ్మం. ఇవాళ. సాయంత్రం కాకముందే. ఈ కాగితం ముందు నిలబడి ఇంకా చదువుతున్న మీరే, కదలండి!